రైతు వదిలేసిన ముక్క

పట్టాలు అందుకుంటున్న విద్యార్థులారా,

మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827 జూలై 6న ఈ పత్తికొండలోనే కలరాతో కన్నుమూశారు. ఆయన జ్ఞాపకార్థం ప్రభుత్వం ఇక్కడ బావి కట్టించింది. మెట్లు రాతివి.

ఏ మెట్లని మీరెవరూ అడగలేదు. బావికి మెట్లుంటాయని తెలుసు కాబట్టి మీరే వాటిని బావికి చేర్చుకున్నారు. అదే నేను ‘ఆ మెట్లు రాతివి’ అని ఉంటే, మెట్ల మాట ముందెప్పుడు వచ్చిందా అని వెతుక్కునేవారు. మొత్తాన్ని చెప్పాక దాని భాగాన్ని ఏ గుర్తూ తగిలించకుండా చెప్పడం తెలుగు పద్ధతి. ఇంగ్లీషులో అక్కడ ‘ద’ (the) అనే ఆర్టికల్ కావాలి. జర్మన్‌లో అలాంటి చోట ఆర్టికల్ ప్రిపొజిషన్‌లో కలిసిపోయి పొట్టిదవుతుందని భాషావేత్త ఫ్లోరియన్ ష్వార్ట్స్ 2009లో చూపించారు. చెప్పని సంగతిని వినేవాళ్లే పూరించుకుంటారని మనస్తత్వ శాస్త్రవేత్త హెర్బర్ట్ క్లార్క్ 1975లో వివరించారు.

పూరించుకోవాలంటే వస్తువు తెలిసి ఉండాలి. మన రైతు ‘బుడ్డలేసినాం సార్, ఊడలు దిగలే’ అంటాడు. బుడ్డలంటే వేరుశనగ. అది పూత పూశాక, పువ్వు మొదట్లోంచి ఊడ సాగి నేలలోకి దిగితేనే కాయ కడుతుంది. పదును లేక నేల గట్టిపడితే ఊడ దిగదు. పైన చెట్టు పచ్చగానే ఉన్నా కింద కాయ ఉండదు. పంట తెలిసినవాళ్లకు ఆ రెండు ముక్కల్లో నష్టమంతా వినపడుతుంది. తెలియనివాళ్లు వాటికి పొంతన లేదనుకుంటారు, రైతుకు చెప్పడం రాదనుకుంటారు. భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు రైతుల నోటి మాటలు సేకరించి 1962లో వ్యవసాయ పదాల వృత్తిపదకోశం తెచ్చారంటే, ఆ మాటల్లో ఉన్న విద్యను గౌరవించే.

రేపు మీలో కొందరు సచివాలయాల్లో, బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో అర్జీలు తీసుకునే కుర్చీల్లో కూర్చుంటారు. ఎదుటి మనిషి క్లుప్తంగా చెప్పాడంటే, మీకు తెలుసన్న నమ్మకంతోనే. అర్థం కాకపోతే ‘వేటి ఊడలు పెద్దాయనా? దిగకపోతే ఏమవుతుంది?’ అని అడగండి. అడగడం నామోషీ కాదు. పై అధికారికి రాసేటప్పుడు మాత్రం రైతు వదిలేసిన ముక్క మీరు పూరించండి: ఊడ దిగలేదు, అందుకే కాయ లేదు, చెట్టు పచ్చగా ఉందని పరిహారం ఆపొద్దు అని. ఆ మాట రాయడానికి మీ అమ్మానాన్నల చేలో నేర్చిందీ కావాలి, ఈ కాలేజీలో చదివిందీ కావాలి. రెండూ ఉన్నది మీకే. ఈ నేలకు మీరు చాలా అవసరం.