వాకబు చేసి నమ్మండి

 

ముఖం చూడని మనిషిని నమ్మడం గురించి ఈరోజు పట్టా అందుకుంటున్న మీతో మాట్లాడాలని వచ్చాను. మీ స్నేహాలు, ఉద్యోగాలు, రేపు పెళ్లి సంబంధాలు కూడా చాలావరకు ఫోన్‌లోనే మొదలవుతాయి. అందులో తప్పేమీ లేదు. అయితే అవతల ఉన్నది ఎవరో మీకు తెలియాలి.

2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు కొందరు ఏజెంట్లను అరెస్టు చేశారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి మన కుర్రాళ్లను కంబోడియాకు చేరవేశారన్నది వాళ్ల మీద అభియోగం. అలాంటి చోట్లకు వెళ్లినవాళ్ల పాస్‌పోర్టు ముందే లాక్కుంటారు. ఎదురుతిరిగితే కొడతారు. అందమైన అమ్మాయి ఫొటోతో ప్రొఫైల్ తెరిచి, మన దేశంలోని వాళ్లతోనే స్నేహం చేసి డబ్బు గుంజమంటారు. కంబోడియాలో సుమారు లక్ష మంది, మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది ఇలా నిర్బంధంలో ఉండి మోసాలు చేయాల్సివస్తోందని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023లో అంచనా వేసింది. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దులోని థాయ్‌లాండ్ పట్టణం మే సోట్ నుంచి ఇలాంటి చోట్ల నుంచి బయటపడ్డ 500 మందికి పైగా భారతీయులను వాయుసేన విమానాల్లో వెనక్కి తెచ్చారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు.

అంటే మీకు 'హాయ్' అని మెసేజ్ పెట్టిన ఆ 'అమ్మాయి', తాళం వేసిన గదిలో కూర్చున్న మీలాంటి డిగ్రీ కుర్రాడే కావచ్చు. అతనూ మొదట ఒక దొంగ మెసేజ్‌ని నమ్మినవాడే. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

ఆ మాటలు ఎలా సాగుతాయో చూడండి. "లక్ష్మి గారేనా?" అని వస్తుంది. కాదంటారు. "సారీ అండీ, నంబరు తప్పు పడింది." మర్నాడు గుడ్ మార్నింగ్. ఆ మర్నాడు "భోంచేశారా?" కొన్నాళ్లు డబ్బు ఊసే ఉండదు. తరవాత మెల్లగా ఒక ట్రేడింగ్ యాప్ పేరు చెబుతారు. ఐదు వేలు పెడితే ఆరు వేలయినట్టు చూపిస్తారు, తీసుకోనిస్తారు కూడా. అసలు ఎర అదే. లక్షలు పెట్టి వెనక్కి అడిగితే, ముందు పన్ను కట్టమంటారు.

ఇలా మోసపోయినవాళ్లను దురాశపరులని తేల్చేయడం నాకు నచ్చదు. కొత్త ఊళ్లో, హాస్టల్ గదిలో, రాత్రి పదింటికి "భోంచేశారా" అని అడిగే మనిషి లేనివాళ్లు ఎంతమందో మీకు తెలుసు. మోసగాడు వాడుకునేది ఆ ఒంటరితనాన్నే.

మన ఇళ్లలో సంబంధం వచ్చిందంటే వాకబు చేసేవాళ్లు. అబ్బాయి పనిచేసే ఆఫీసులో తెలిసినవాళ్లను కదిపేవాళ్లు, వీధి చివర కిరాణా కొట్టాయన్ని అడిగేవాళ్లు. దానికి ఎవరూ నొచ్చుకునేవారు కాదు. అందులో కులం ఆరా కూడా ఉండేది, అది మనకు అక్కర్లేదు. చెప్పిన మనిషీ ఉన్న మనిషీ ఒకరేనా అని చూసుకునే అలవాటు మాత్రం ఫోన్‌లోకి రాగానే ఎందుకు వదిలేశాం? అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడుతున్నాం. వీడియో కాల్‌లో కనపడ్డారు కదా అనుకోకండి, ఇప్పుడు ముఖాన్ని కూడా మార్చి చూపించగలరు. ఇద్దరికీ తెలిసిన మనిషి ఒకరైనా ఉన్నారా, నలుగురున్న చోట నేరుగా కలవడానికి ఒప్పుకుంటున్నారా అన్నది చూడండి. నిజమైన స్నేహితుడు ఆ ప్రశ్నలకు అలగడు.

విదేశీ ఉద్యోగమంటే మరీ జాగ్రత్త. 1983 నాటి వలస చట్టం ప్రకారం, మనుషులను విదేశాల్లో పనికి పంపే ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉండాలి. ఉందో లేదో ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడొచ్చు. ఉద్యోగమని చెప్పి టూరిస్ట్ వీసా చేతిలో పెడితే విమానం ఎక్కొద్దు.

సరదాకి మరొకరి ఫొటోతో అకౌంట్ తెరిచేవాళ్లు మీలోనూ ఉంటే, ఈరోజే మూసేయండి. కంప్యూటర్, ఫోన్ ద్వారా మరొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటుంది. శిక్ష సంగతి అటుంచండి, ఆ ఫొటోలోని అమ్మాయి ఇంట్లో ఏం జవాబు చెప్పుకుంటుందో ఆలోచించండి.

మోసపోయిన స్నేహితురాలు మీ దగ్గరికొస్తే "చదువుకున్నదానివి, ఎలా నమ్మావ్?" అనకండి. ఆ ప్రశ్నకు భయపడే చాలామంది ఇంట్లో చెప్పరు. చాట్లు చెరిపేయకుండా చూసి, వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయించండి. డబ్బు గంటల్లో ఖాతాలు దాటిపోతుంది. ఫిర్యాదు త్వరగా అందితే మధ్యలో ఆపించే వీలుంటుంది. ఇక్కడికి వచ్చిన తల్లిదండ్రులకూ ఇదే నా మనవి. మీ బిడ్డ వచ్చి చెప్పుకున్న రోజున కోపం ఆపుకుని, పక్కన కూర్చుని ఆ ఫోన్ మీరే చేయండి.