రంగుల పెట్టె మన ఇంట్లోనే



ఈరోజు పిల్లల ఆటల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. "ఆటలేమిటమ్మా, కూలి గురించి చెప్పు, నీళ్ల గురించి చెప్పు" అంటారేమో. ఇది కూడా మన బతుకు సంగతే.

మనం పలక పట్టిన కొత్తలో ఏమయింది? నాట్లు వేసే చేయి, కలుపు తీసే చేయి బలపం పట్టేసరికి వణికింది. 'అ' రాస్తే వంకర పోయింది. చేతకాక కాదు. చిన్నప్పుడు మన వేళ్లకు ఆ అలవాటు లేదు. మన పిల్లలకు ఆ కష్టం రాకూడదు. మట్టి పిసికిన వేళ్లు, కాగితం మడిచిన వేళ్లు రేపు పెన్సిలును తేలిగ్గా పట్టుకుంటాయి.

దీనికి బజారు సామాను కొనాలా? అక్కర్లేదు.

చెరువు బంకమట్టి తెచ్చుకోండి. రాళ్లు ఏరి, నీళ్లు చల్లి, రొట్టె పిండిలా పిసకండి. పిల్లలు ఎద్దులు, బండి, కుండ చేస్తారు. వాటిని నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే పగులుతాయి.

ఇక రంగులు. పసుపు నీళ్లలో కలిపితే పసుపు రంగు. బీట్‌రూట్ తురిమి పిండితే గులాబీ రంగు. బొగ్గు నూరితే నలుపు. పుల్ల చివర కొబ్బరి పీచు కడితే అదే కుంచె.

ఒక తమాషా చూడండి. కాగితానికి పసుపు నీళ్లు పూసి ఆరబెట్టండి. బట్టల సబ్బు నీళ్లలో పుల్ల ముంచి దానిమీద గీయండి. గీత ఎర్రగా వస్తుంది! పసుపు మరక ఉతికేటప్పుడు మనం చూసిందే. ఆ గీత మీద నిమ్మరసం రాస్తే మళ్లీ పసుపు. "ఎందుకమ్మా?" అని పిల్ల అడుగుతుంది. సబ్బులో క్షారం ఉంది, అది తగిలితే పసుపు ఎర్రబడుతుంది. నిమ్మ పులుపు ఆ క్షారాన్ని విరిచేస్తుంది. సైన్సు అంటే ఇదే.

జిగురుకు నాలుగు చెంచాల మైదా, ఒక గ్లాసు నీళ్లు చాలు. ఉండలు లేకుండా కలిపి, సన్న సెగ మీద తిప్పుతూ ఉడికించండి. పురుగు పట్టకుండా కొందరు మైలుతుత్తం వేస్తారు. అది విషం. పిల్లల జిగురులో వేయకండి.

ఇవి చిన్న పనులని అనుకోకండి. కొండపల్లి బొమ్మల ముక్కలను అతికించేది చింతపిక్కల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతోనే. ఏటికొప్పాక లక్క బొమ్మలకు చెట్ల నుంచి తీసిన రంగులు వాడతారు. ఆ రంగుల కోసం పాటుపడిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది.

కొన్ని జాగ్రత్తలు వినండి. గురివింద గింజలు చూడ్డానికి అందం. నమిలి మింగితే ప్రాణం పోవచ్చు. ఆముదం గింజలూ అంతే. వాటిని ఆటకు ఇవ్వకండి. మూడేళ్లలోపు పిల్లలకు చింతపిక్కలు, పూసలు, బొత్తాలు ఇవ్వకండి. గొంతులో ఇరుక్కుంటాయి. తలుపులకు వేసే రంగుల్లో సీసం ఉండొచ్చు. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. పురుగుమందు డబ్బాలు ఎంత కడిగినా ఆటకు పనికిరావు.

ఇంకో మాట. కొడుకు బొమ్మ గీస్తే మురిసిపోతాం. కూతురు గీస్తే "ముందు అంట్లు తోమవే" అంటాం. ఇది న్యాయమేనా? అంట్లు ఇద్దరూ తోమాలి. బొమ్మలు ఇద్దరూ గీయాలి. గోడ మీద గీశారని కొట్టకండి. ఒక మూల గోడ వాళ్లకు వదిలేయండి.

పిల్లలు గీసిన బొమ్మ కింద వాళ్ల పేరు, తేదీ మీ చేత్తోనే రాయండి. రోజూ రాస్తే నేర్చిన అక్షరం మరిచిపోం. బిడ్డకు ఆట, తల్లికి చదువు. రెండూ ఒక్క కాగితం మీదే సాగుతాయి.