ఒక తెల్లకాగితం, ఒక లీగల్ నోటీసు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కమిటీవారు ఫోన్ చేసి, "పదకొండు చోట్ల టిఫిన్ సెంటర్లు నడుపుతున్నావు, మన కుర్రాళ్ళకి వ్యాపారం గురించి నాలుగు మాటలు చెప్పు" అన్నారు. ఎలా పైకొచ్చామో చెప్పేవాళ్ళు మీకు చాలామంది దొరుకుతారు. నేను నా మీదికి వచ్చిన కేసు గురించి చెబుతాను. మనవాళ్ళలో కొందరు ఇప్పటికే తమ బ్రాండు ఫ్రాంచైజీలు ఇస్తున్నారు. పచ్చళ్ళవాళ్ళున్నారు, ప్లేస్కూలు వాళ్ళున్నారు, ల్యాబు పెట్టినవాళ్ళున్నారు. ఈ మాటలు ముఖ్యంగా వాళ్ళకి.

2021లో ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. ఈ బడిలోనే నాకు మూడేళ్ళు వెనక చదివాడు. స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాడు, చేతిలో ఆ డబ్బుంది. "అన్నా, నీ బోర్డు పెట్టుకుంటాను" అన్నాడు. అగ్రిమెంటు ఇరవై రెండు పేజీలు. ఆయన చదవలేదు, నేను చదవమనలేదు. ఒక బడివాళ్ళం, ఇక కాగితాలెందుకు అనుకున్నాం. చదివిన కాగితం మాత్రం ఒకటుంది. మా మేనేజరు ఒక తెల్లకాగితం మీద రోజుకు ఇన్ని ప్లేట్లు, ఇంత ఖర్చు, నెలకు లక్షా యాభై వేలు మిగులు అని లెక్క వేసిచ్చాడు. ఆ లెక్క బస్టాండు ఎదురుగా ఉన్న మా మొదటి షాపుది. ఆయన పెట్టబోయేది కాలనీ రోడ్డులో. ఆ సంగతి నాకు తెలుసు. చెప్పలేదు.

ఏడాదిన్నర తిరక్కుండానే ఆయన చేతి డబ్బు వేయడం మొదలుపెట్టాడు. ఈలోగా నేను మా సెంట్రల్ కిచెన్ నుంచి వెళ్ళే పొడుల ధర రెండుసార్లు పెంచాను. ఆయన షాపుకి రెండు కిలోమీటర్ల దూరంలో ఇంకొకరికి ఫ్రాంచైజీ ఇచ్చాను. ఎవరి ప్రాంతం ఎంతవరకో అగ్రిమెంట్లో ఒక్క ముక్క లేదు కాబట్టి నాకు హక్కుందనే అనుకున్నాను. గిట్టుబాటు కాక ఆయన పిండి, పొడి బయట కొనుక్కున్నాడు. అది తెలిసి నాకు కోపం వచ్చింది. పదిహేను రోజుల్లో బోర్డు దించేయమని కాగితం పంపాను. జవాబుగా లాయరు నోటీసు వచ్చింది. పద్దెనిమిది లక్షలు ఇమ్మని. వెనకాల ఆ తెల్లకాగితం జిరాక్సు.

మా లాయరుగారు ముందు ఆ జిరాక్సే చూశారు. మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు, 1872 నాటి కాంట్రాక్టు చట్టమే దిక్కు. అందులో 17వ సెక్షన్ మోసం గురించి, 18 తప్పుడు సమాచారం గురించి. వాటివల్ల ఒప్పుకున్నవాడు ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చని 19 చెబుతుంది. "అగ్రిమెంట్లో లేని ఏ హామీకీ మేం బాధ్యులం కాదని రాసుకున్నాం కదండీ" అన్నాను. "మోసపోయి సంతకం పెట్టానన్నవాడికి ఆ వాక్యం చూపిస్తే సరిపోతుందా?" అన్నారు ఆయన.

అప్పుడే తెలిసింది, అమెరికాలో ఇది ఎప్పుడో ఆలోచించారని. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం, సంతకానికీ డబ్బు తీసుకోవడానికీ కనీసం 14 రోజుల ముందు ఫ్రాంచైజీ ఇచ్చేవారు 23 అంశాలతో ఒక పత్రం చేతికివ్వాలి. మీ మీద ఉన్న కేసులేమిటి, మొత్తం పెట్టుబడి ఎంతవుతుంది, సరుకు ఎవరి దగ్గర కొనాలి, ఇప్పుడు నడుపుతున్నవాళ్ళూ ఈమధ్య మానుకున్నవాళ్ళూ ఎవరు, అన్నీ ఉండాలి. ఇంత లాభం వస్తుందని చెబితే దానికి ఆధారం చూపాలి.

ఆ పత్రం ఇక్కడ తప్పనిసరి కాదు. అయినా నేను అలాంటిదే ఒకటి తెలుగులో రాయించాను. మూతపడిన మా షాపుల వివరాలు, వాటి యజమానుల ఫోన్ నంబర్లు కూడా వాళ్ళనడిగి అందులో పెట్టాను. మా తమ్ముడు గోల పెట్టాడు, ఇది చదివితే ఎవడొస్తాడని. నిజంగానే ఇద్దరు చదివి వెనక్కి వెళ్ళిపోయారు. వాళ్ళు రెండేళ్ళ తర్వాత కోర్టుకి వెళ్ళే బదులు ముందే వెళ్ళిపోయారని నేను సరిపెట్టుకున్నాను. లాభం లెక్కలు ఇప్పుడు మా వాళ్ళెవరూ నోటితో కూడా చెప్పకూడదు. ఏ షాపు, ఏ రోడ్డు, ఏ ఏడాది అన్నది కలిపి అచ్చు వేసిందే ఇవ్వాలి.

అగ్రిమెంట్లో మార్చినవి చాలా ఉన్నాయి, అన్నీ చెబితే భోజనాలు చల్లారిపోతాయి. ప్రాంతం హద్దు మ్యాపు మీద గీసి సంతకాలు పెడుతున్నాం. పొడుల మీద నాకు మిగిలేది ఎంత, ధర పెంచాలంటే ఎన్నాళ్ళ ముందు చెప్పాలి అన్నది రాసుకుంటున్నాం. తప్పు జరిగితే వెంటనే రద్దు లేదు. ఫలానా రోజు చూశాం, ఫలానాది బాగాలేదు, 30 రోజుల్లో సరిచేయండి అని రాతపూర్వకంగా ఇస్తాం.

ఒక సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. "మానుకున్నాక మూడేళ్ళు టిఫిన్ సెంటర్ పెట్టకూడదు" అని నా పాత అగ్రిమెంట్లో ఉండేది. ఒప్పందం నడుస్తున్నన్నాళ్ళూ పోటీ సరుకు ముట్టుకోవద్దని కట్టడి చేయడం తప్పుకాదని 1995లో గుజరాత్ బాట్లింగ్, కోకాకోలా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒప్పందం ముగిశాక మనిషి బతుకుతెరువు ఆపుతామంటే 27వ సెక్షన్ అడ్డొస్తుంది. పేరు, బోర్డు, లోగో వాడకుండా 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం కింద ఆపగలం. దోసె పోయకుండా ఆపలేం.

ఇంకొకటి. గొడవ వస్తే నేను చెప్పిన మనిషే ఆర్బిట్రేటర్ అని రాసుకున్నాను, మహా తెలివిగా. ఫలితంతో సంబంధం ఉన్నవాడు ఒక్కడే ఆర్బిట్రేటర్‌ని నియమించడం కుదరదని 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అలా నా తెలివి చెల్లలేదు.

దాంతో కమర్షియల్ కోర్టు మాట వచ్చింది. 2015 కమర్షియల్ కోర్టుల చట్టంలో ఫ్రాంచైజీ తగాదాలను పేరు పెట్టి చేర్చారు. 2018 సవరణతో వచ్చిన 12ఎ సెక్షన్ ప్రకారం, అత్యవసర ఉత్తర్వులు అడగని దావా అయితే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్ళాలి. అలా ఇద్దరం జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఒక బల్లకి అటూ ఇటూ కూర్చున్నాం. నేను ఫైలు తీసుకెళ్ళాను. ఆయన డబ్బు సంగతి ఎత్తలేదు. "ధర పెంచినప్పుడు తొమ్మిదిసార్లు ఫోన్ చేశానన్నా. ఒక్కసారి ఎత్తలేదు" అన్నాడు. నా ఫైల్లో దానికి జవాబు లేదు.

మూడోసారి కూర్చున్నప్పుడు తేలిపోయింది. ఫ్రాంచైజీ ఫీజు, డిపాజిట్ వెనక్కిచ్చాను. గ్రైండరు, స్టవ్వులు ఆయనే ఉంచుకున్నాడు, బోర్డు దించేశాడు. ఇప్పుడు అదే చోట సొంత పేరుతో నడుపుతున్నాడు. కారప్పొడి వాళ్ళావిడ కొడుతుంది. మాది కంటే బాగుంటుంది, ఈ మాట మా మేనేజరుకి చెప్పకండి.

మా వివరాల పత్రం నమూనా కాపీలు రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర పెట్టించాను, కావలసినవాళ్ళు తీసుకోండి. అచ్చుకి ముందు ఆయనకే పంపాను చదవమని. రెండు చోట్ల ఎర్ర ఇంకుతో దిద్ది పంపాడు. ఆ రెండూ అలాగే ఉంచాను. ఇవాళ సభకి వచ్చాడు కూడా, మూడో వరుసలో ఉన్నాడు.

సెలవు.