పాత దూలం ఎంత మోస్తుంది?

పాత ఇల్లు విప్పితే వచ్చిన దూలాలను గొడ్ల కొట్టానికి వాడుకుంటున్నాం. ఖర్చు కలిసొస్తుంది. కానీ పైరంగు చూసి నమ్మొద్దు. ముందు పుచ్చేది గోడలో ఉన్న కొసలే, చెమ్మ పట్టేది అక్కడే. సుత్తితో ఈ కొస నుంచి ఆ కొసకు కొట్టుకుంటూ పోవాలి. ఖంగుమంటే చేవ ఉన్నట్టు, బోలుగా మోగితే అనుమానించాలి. స్క్రూడ్రైవర్ మెత్తగా దిగినంత మేరా కోసేయాలి.

మేము ఒక టేకు దూలానికి నడిమధ్య, అడుగున పాత బెజ్జం చూసి కూడా టేకే కదా అని ఎక్కించాం. వానకు పెంకు నాని బరువెక్కింది, సరిగ్గా అక్కడే విరిగింది. గేదె బతికింది, దూడ పోయింది. అలాంటి దాన్ని బెజ్జం దగ్గర కోసి పొట్టి ముక్కలుగానే వాడాలి.

ఇంకొకటి. 4 అంగుళాల మందం, 8 అంగుళాల వెడల్పు దూలాన్ని పడుకోబెట్టే కంటే 8 అంగుళాల వైపు నిలువుగా పెడితే రెండింతలు మోస్తుంది. మేస్త్రీ విసుక్కున్నా పట్టుబట్టండి.