ముసురు పట్టిన రోజున పసిపిల్లలతో

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రతి సంవత్సరం ఈ వేదిక మీద మమ్మల్ని చదువుల గురించి మాట్లాడమంటారు. స్కాలర్‌షిప్పుల గురించి, పదో తరగతి ఫలితాల గురించి, ఆడపిల్లల కాలేజీ ఫీజుల గురించి చెబుతూ వచ్చాం. ఈసారి ఇంకా బడి గడప తొక్కని పిల్లల గురించి చెప్పుకుందాం. ఏడాది నిండి, మూడేళ్లు దాటని పిల్లలు. అదీ వాన విడవని రోజుల్లో వాళ్లను ఇంట్లో ఎలా ఆడించాలన్నది. ఇంత పెద్ద సభలో ఇదొక విషయమా అని మీలో కొందరికి అనిపించవచ్చు. మాకూ ఒకప్పుడు అలాగే అనిపించింది. ఎందుకు మనసు మార్చుకున్నామో ముందు మనవి చేస్తాం.

మా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి పెళ్లయి పటమటలోనే ఉంటోంది. భర్త ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పని. అద్దెకున్నది ఒకటే గది. మంచం, స్టవ్వు, నీళ్ల బిందె, కుట్టుమిషను అన్నీ అందులోనే. మామూలు రోజుల్లో రెండేళ్ల పాప వరండాలో, సందులో, పక్కింటి నానీ దగ్గర తిరుగుతూ ఉంటుంది. ఒక ముసురు రోజున సందంతా నీళ్లు. తలుపు వేసేశారు. పొద్దున్నుంచి గదిలో తిరిగి తిరిగి విసిగిన పిల్ల, తల్లి గంజి వార్చుతుండగా వచ్చి కొంగు లాగింది. చెయ్యి కాలింది. అల్లా దయవల్ల గాయం మానింది, మచ్చ మిగిలింది. చూడటానికి వెళ్లిన మమ్మల్ని ఆ తల్లి ఒకే మాట అడిగింది. "టీచర్, వాన పడితే పిల్లను ఎక్కడ పెట్టుకోవాలి?"

బీఈడీ చదివాం, ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాం. ఆ ప్రశ్నకు ఆ రోజు మా దగ్గర జవాబు లేదు.

మన కృష్ణా తీరంలో చలి పెద్దగా ఉండదు, నిజమే. కానీ నైరుతి వానలు, తర్వాత అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫానులు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఈదురుగాలి, ముసురు, తడిసిన గోడలు, ఆరని బట్టలు అందరికీ గుర్తే. అలాంటి రోజుల్లో పెద్దవాళ్లం దుప్పటి కప్పుకుని పడుకుంటాం. రెండేళ్ల పిల్లవాడికి అది చేతకాదు. వాడి ఒళ్లే కదలిక కోరుతుంది. ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజు మొత్తం మీద కనీసం మూడు గంటలు కదులుతూ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పదడుగుల గదిలో మూడు గంటల కదలిక ఎలా? అసలు చిక్కు ఇక్కడే ఉంది.

వరద నేర్పిన పాఠం

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానలు విజయవాడ మరచిపోదు. బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట నీట మునిగాయి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు కిందికి వెళ్లింది. బ్యారేజీ చరిత్రలోనే అది అత్యధికం. ఎందరో మేడల మీద, పై అంతస్తుల్లో కరెంటు లేకుండా రోజుల తరబడి ఉండిపోయారు. డ్రోన్లతో కూడా అన్నం పొట్లాలు పంపాల్సి వచ్చింది.

ఆ రోజుల్లో మా టీచర్లం కొందరం ఒక పునరావాస కేంద్రానికి వెళ్లాం. అన్నం ఉంది, పాలు ఉన్నాయి, మందులు ఉన్నాయి. పసిపిల్లలు మాత్రం ఏడుస్తూనే ఉన్నారు. మేము తెలివైన పని చేస్తున్నామనుకుని చందా వేసుకుని బ్యాటరీ కార్లు, కూతపెట్టే బొమ్మలు ఒక సంచీడు కొనుక్కెళ్లాం. గంటలో కొట్లాట మొదలైంది. సాయంత్రానికి సగం బొమ్మలు మూలనపడ్డాయి. ఒక బొమ్మ మూత ఊడి, అందులోని బిళ్ల బ్యాటరీ ఒక బాబు పిడికిట్లో కనిపించింది. నోట్లోకి పోకముందే పక్కనున్నావిడ లాక్కుంది. ఆ బిళ్ల మింగితే కొద్ది గంటల్లోనే గొంతు గొట్టాన్ని కాల్చేస్తుందని తర్వాత డాక్టరుగారు చెబితే మా కాళ్లు వణికాయి. మంచి ఉద్దేశంతో చేసిన తప్పు అది. మా తప్పే.

అదే హాల్లో ఒక మూల ఒక నానీ కూర్చుని ఉంది. ఆమె చుట్టూ అయిదుగురు పసివాళ్లు. దగ్గరకు వెళ్లి చూస్తే ఆమె దగ్గరున్నవి నాలుగు స్టీలు గ్లాసులు, ఒక గిన్నె, ఒక గరిటె, ఒక పాత దుపట్టా. గ్లాసులో గ్లాసు దూర్చడం, తీయడం. గిన్నె బోర్లించి వాయించడం. దుపట్టా కింద గరిటె దాచి "ఏదీ?" అనడం, వాళ్లు లాగగానే "ఇదిగో!" అనడం. అంతే. మేము ఉన్నంతసేపూ ఆ పిల్లలు ఏడవలేదు. మా సంచీ ఖరీదు వేలల్లో ఉంటే, ఆమె చేసినదానికి పైసా ఖర్చు లేదు.

ఇంటికొచ్చాక ఆలోచిస్తే మేము చదువుకున్న పాఠాలే ఆమె చేతుల్లో కనిపించాయి. 1920లో భావ్‌నగర్‌లో బాలమందిరం నడిపిన గిజుభాయి బధేకా, 1939లో మద్రాసు వచ్చి అడయారులో టీచర్లకు శిక్షణ ఇచ్చిన మరియా మాంటిస్సోరి చెప్పిందీ ఇదే. పిల్లలకు చేతులతో చేసే పని కావాలి. మన విజయవాడలోనే 1955లో మాంటిస్సోరి పేరుతో పాఠశాల మొదలుపెట్టిన కోటేశ్వరమ్మగారికి 2017లో పద్మశ్రీ వచ్చింది. అరవింద్ గుప్తాగారు అగ్గిపుల్లలతో, పాత కాగితాలతో బొమ్మలు చేయడం దేశమంతటికీ నేర్పి 2018లో అదే గౌరవం అందుకున్నారు. మన ఊరికి ఇవేవీ కొత్త కావు. మనమే మరిచిపోయాం.

ఇంట్లో ఉన్నవాటితోనే

ఆ తర్వాత రెండు వానాకాలాలు పటమటలోని కొన్ని ఇళ్లలో తల్లులతో కూర్చుని ఏది పనికొస్తుందో, ఏది రాదో చూశాం. నిలబడినవి ఇవి.

మొదటిది, ఒళ్లు అలిసే ఆటలు. మంచానికి పాత చీర అటూ ఇటూ వేలాడేస్తే కింద గుహ తయారు. ఒకవైపు దూరి ఇంకోవైపు రావడం పిల్లలకు ఎన్నిసార్లయినా విసుగు రాదు. నేల మీద దిండ్లు పరిచి, కింద కాలు పెట్టకుండా దాటమంటే అది వాగు దాటడం. కిరాణా కొట్టులో అడిగితే ఇచ్చే అట్టపెట్టెలో కూర్చోబెట్టి లాగితే అది లారీ. అబ్బా ఇంట్లో ఉంటే వీపు మీద ఉప్పుమూట. షెడ్డులో అలిసి వచ్చిన మనిషికి ఇంకో పనా అనకండి. పది నిమిషాలు చాలు, ఆ పది నిమిషాలు ఆ పిల్లకు రోజంతా గుర్తుంటాయి.

రెండోది, చేతి పని. చపాతీ పిండి కలిపేటప్పుడు నిమ్మకాయంత ముద్ద పిల్ల చేతిలో పెట్టండి, కాస్త పసుపు కలిపితే రంగు వస్తుంది. నొక్కుతుంది, చింపుతుంది, అతికిస్తుంది. దగ్గరుండి చూస్తూ ఉండాలి, అంతే. పాత పేపరు చింపడమంటే ఏ పిల్లకైనా పండగ. చింపిన ముక్కలన్నీ పాత దిండు గలీబులో కూరి నోరు కుట్టేస్తే అదే బంతి. టైలరు దగ్గర మిగిలే గుడ్డపేలికలు ఒక సంచీడు తెచ్చుకుంటే, నునుపైనవి, గరుకువి, ఎర్రవి, పచ్చవి వేరు చేయించవచ్చు. ఆరిన బట్టలు మడతపెట్టేటప్పుడు "అబ్బా రుమాలు ఏది? నీ గౌను ఏది?" అని అడగండి. మనకు పని, వాళ్లకు ఆట, మాటలు కూడా వస్తాయి.

మూడోది, ఊరికే కూర్చునే ఆటలు. చూరు కింద ఒక స్టీలు గిన్నె, ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టి, ఏది ఎలా మోగుతుందో కిటికీ దగ్గర ఒళ్లో కూర్చోబెట్టుకుని వినిపించండి. కరెంటు పోతే టార్చి వేసి గోడ మీద చేతి నీడలతో కుక్క, పక్షి చేయండి. చీకటంటే భయపడే పిల్ల కూడా నవ్వుతుంది. వేళ్లు లెక్కపెట్టడం, చప్పట్లు, దాగుడుమూతలు, దాదీ చెప్పే కథ. ఉర్దూలో చెప్పినా తెలుగులో చెప్పినా, రెండూ కలిపి చెప్పినా మంచిదే. పిల్లలు ఏ భాషనూ పరాయిగా చూడరు.

ఒక కిటుకు. ఈ వయసు పిల్లలు ఒక్కో ఆట దగ్గర నిలిచేది అయిదు, పది నిమిషాలే. అది వాళ్ల తప్పు కాదు. కాబట్టి ఒళ్లు అలిసే ఆట తర్వాత కూర్చునే ఆట, మళ్లీ కదిలే ఆట, ఇలా మార్చండి. ఉన్న వస్తువులన్నీ ఒకేసారి ముందు పోయకండి. సగం దాచి, రెండు రోజుల తర్వాత తీస్తే పాత గరిటె కూడా కొత్తదైపోతుంది. వంట మొదలుపెట్టే ముందు పది నిమిషాలు పూర్తిగా పిల్లతో ఆడి, తర్వాత స్టవ్వు దగ్గరకు వెళ్లండి. కడుపు నిండిన పిల్లలాగే, ఆట నిండిన పిల్ల కూడా కాసేపు వదిలిపెడుతుంది.

జాగ్రత్తలు

పిల్లవాడి పిడికిట్లో పూర్తిగా దాగిపోయే ఏ వస్తువూ వాడికి ఆటవస్తువు కాదు. చింతగింజలు, శనగలు, గుండీలు, గోలీలు మూడేళ్ల లోపు వాళ్లకు వద్దు. మన ఆటోనగర్ ఇళ్లలో ఇంకో సంగతి ఉంది. తండ్రి జేబులోంచి రాలిపడే నట్లు, బేరింగు గుండ్లు. ఇంటికి రాగానే జేబులు ఎత్తులో ఉన్న డబ్బాలో ఖాళీ చేయమని చెప్పండి. ప్లాస్టిక్ సంచులు, పొడవాటి తాళ్లు అందనివ్వకండి. బక్కెట్టులో జానెడు నీళ్లున్నా పసిపిల్లకు ప్రమాదమే, ఖాళీ చేసి బోర్లించండి. స్టవ్వు నేల మీద ఉంటే దాని ముందు ఒక గీత గీసి, అది దాటకూడదని రోజూ ఆటలాగే నేర్పండి. గీత ఉంది కదా అని మనం కన్ను మాత్రం తీయకూడదు.

ఇక ఫోను. ఏడుపు ఆపడానికి అంత సులువైన సాధనం లేదు, మాకు తెలుసు. తల్లుల్ని తప్పుపట్టం. అయితే రెండేళ్ల లోపు పిల్లలకు అసలు తెర వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఫోను పిల్లను కదలనివ్వదు, బదులు చెప్పనివ్వదు. వరదలో మొదట ఆరిపోయిందీ ఫోనే. అప్పుడు చేతిలో ఏ ఆటా లేని ఇల్లు రెండుసార్లు చీకటైంది.

దాతలకు మా మనవి

మన సంఘం వానాకాలంలో ఇచ్చే సాయంలో బియ్యం ఉంటుంది, పప్పు, నూనె, దుప్పటి, కొవ్వొత్తులు ఉంటాయి. అందులో రెండేళ్ల పిల్లకంటూ ఏమీ లేదు. దానికి ఒక చిన్న గుడ్డ మూట జతచేయమని మా కోరిక. అందులో ఒకదానిలో ఒకటి ఇమిడే మూడు స్టీలు గ్లాసులు, ఒక గుడ్డ బంతి, ఒక పాత దుపట్టా, నాలుగు రంగుల గుడ్డముక్కలు, ఈ ఆటలన్నీ బొమ్మలతో వేసిన ఒక కాగితం. ఆ కాగితం తెలుగులో, ఉర్దూలో ఉండాలి, చదవలేని తల్లికి బొమ్మ చూస్తే అర్థమవ్వాలి. బంతులు మన కుట్టు శిక్షణ తీసుకునే అమ్మాయిలే కుట్టగలరు. స్తోమత ఉన్నవారు ఒక కొయ్యబొమ్మ చేర్చవచ్చు. అంకుడు కర్రతో, సహజ రంగుల లక్కతో చేసే ఏటికొప్పాక బొమ్మలు మన రాష్ట్రంలోనే దొరుకుతాయి. అయితే ముక్కలు ఊడనిది, పిడికిట్లో ఇమడనంత పెద్దది ఎంచుకోండి.

ఇంకో మనవి డబ్బుకు సంబంధించినది కాదు. ప్రతి సందులోనూ ఆ హాల్లో చూసిన నానీ లాంటి పెద్దావిడ ఒకరు ఉంటారు. ముసురు రోజున ఎవరిది కాస్త పెద్ద గదో, ఎవరిది పై అంతస్తో ముందే మాట్లాడుకుని, నలుగురు పసివాళ్లను ఒక చోట చేర్చి, వంటవేళ గంటసేపు ఆమెకు అప్పగిస్తే చాలు. పక్కన ఒక తల్లి తోడుండాలి. మీలో పెద్ద ఇళ్లున్న వారు ఆ గంటకు మీ హాలు తలుపు తీస్తే, అదీ దానమే.

ఆ కాలిన చెయ్యి పాప ఇప్పుడు అంగన్‌వాడీకి వెళుతోంది. మొన్నటి వానలో వాళ్లింటికి వెళ్తే మంచం కింద గుహలో ఉంది, తమ్ముణ్ణి కూడా లోపలికి లాగుతోంది. స్టవ్వు ముందు సుద్దముక్కతో గీసిన గీత ఉంది. "వాన పడితే పిల్లను ఎక్కడ పెట్టుకోవాలి?" అని ఆ తల్లి అడిగినప్పుడు మేము మౌనంగా ఉన్నాం. ఇప్పుడు చెబుతున్నాం. మంచం కింద గుహలో, అబ్బా వీపు మీద, నానీ ఒళ్లో, అవసరమైతే మీ ఇంటి హాల్లో.