పోవాలా, ఉండాలా – కోపంతో కాదు, లెక్కతో తేల్చుకుందాం

(పోయిన ఆదివారం మన గ్రూపు మీటింగులో మాట్లాడిన మాటలు. డ్యూటీ ఉండి రాలేకపోయిన వాళ్లు అడిగితే రాసి పెడుతున్న. కొంచెం పొడుగుంది, తీరిక చూసుకొని చదవండి.)



నేను పెద్ద చదువులు చదివినోన్ని కాదు. పదో తరగతి పాసై, షట్టరింగ్ కార్పెంటర్‌గా దుబాయ్ వచ్చి, ఇప్పుడు సైట్ సూపర్‌వైజర్‌గా చేస్తున్న. అల్ కూజ్ పోయినా, సోనాపూర్ పోయినా, జబల్ అలీ పోయినా మనవాళ్ల నోట ఈ మధ్య ఒకటే మాట వినబడుతున్నది. "ఇగ చాలన్నా, ఇంటికి పోత." జగిత్యాల వాళ్లు అంటున్నరు, నిజామాబాద్ వాళ్లు అంటున్నరు, కడప వాళ్లు, కోనసీమ వాళ్లు కూడా అంటున్నరు. అందుకే ఈసారి దీని గురించే మాట్లాడదామని అనుకున్న.

ముందుగాల ఒక సంగతి. అందరు "పోత" అనే అంటున్నరు గానీ అందరి బాధ ఒక్కటి కాదు.

ఒకరు పన్నెండేళ్ల నుంచి అదే కంపెనీ, అదే బంకు మంచం, దాదాపు అదే జీతం. ఇంకొకరు కష్టపడి ఫోర్‌మన్ అయ్యి, భార్యను, ఇద్దరు పిల్లలను తెచ్చుకున్నరు. షార్జా రోలా దిక్కు ఒక ఫ్లాటులో పార్టిషన్ వేసిన రూములో నలుగురు ఉంటున్నరు. జీతం రాంగనే రూము కిరాయి, స్కూల్ ఫీజు, బస్సు ఫీజు తీసేస్తే చేతిలో ఏం మిగుల్తలేదు. మూడో రకం మన చిన్న తమ్ముళ్లు. డ్రైవర్ పని అని చెప్పి తెచ్చి హెల్పర్ పనిలో పెట్టిన్రు. ఇంటికాడ ఏజెంటుకు కట్టిన అప్పు అట్లనే ఉన్నది.

ఈ మూడో రకం తమ్ముళ్లకు చెప్పేది ఏందంటే, కంపెనీ బాగలేకపోతే మారాల్సింది కంపెనీ. వెంటనే దేశం విడిచి పోవుడు ఒక్కటే దారి కాదు. 2022 ఫిబ్రవరి నుంచి ఇక్కడ కొత్త లేబర్ చట్టం నడుస్తున్నది. నోటీసు ఇచ్చి వేరే కంపెనీకి పోయే దారి అందులో ఉన్నది. కాంట్రాక్టులో రాసిన పని ఒకటి, చేయించేది ఒకటి అయితే ఫిర్యాదు చేయొచ్చు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర పెట్టుకునే హక్కు లేదు. ఇవన్నీ చూసుకున్నాకనే ఇంటి సంగతి.

ఇగ మొదటి రెండు రకాల వాళ్ల ముచ్చట.

మన జీతం నిజంగా పెరిగిందా లేదా అనేది ముందు చూడాలి. 2010లో ఒక దిర్హాముకు 12 రూపాయల చిల్లర వచ్చేది. ఇప్పుడు దాదాపు రెండింతలు వస్తున్నది. వెయ్యి దిర్హాములు పంపితే అప్పుడు 12 వేల చిల్లర, ఇప్పుడు దానికి దాదాపు రెండింతలు. ఇంట్లో వాళ్లకు "జీతం డబుల్ అయింది" అన్నట్టు కనబడుతది. కానీ ఇక్కడ మన చేతికి వచ్చే దిర్హాములు పెరగలే. అక్కడ బియ్యం, గ్యాసు, ఫీజులు, దవాఖాన ఖర్చు అన్నీ పెరిగినయి. ఒక పని చేయండి. ఇంటికి ఫోన్ చేసి, మన ఊళ్లో ఇయ్యాల మేస్త్రీ కూలి ఎంత, టైల్స్ వేసేటాయన రోజుకు ఎంత అడుగుతుండు, సెంట్రింగ్ పనికి ఎంత నడుస్తున్నది అని అడగండి. మీరు ఇక్కడ తిండి ఖర్చు పోను మిగిలించేదాని పక్కన ఆ లెక్క పెట్టండి. కొందరికి తేడా ఇంకా పెద్దగనే ఉంటది. కొందరికి ఆశ్చర్యమైతది.

ఇంటికి పోవుడు తప్పు కాదు, నామోషీ కాదు. కానీ కోపం వచ్చిన రోజు బ్యాగు సదురుకొని పోయినోళ్లను మస్తు మందిని చూసిన. ఏడాది తిరగకముందే మళ్లీ ఏజెంటు ఇంటి ముందట నిలబడుతరు. రిజిస్టర్ అయిన ఏజెంటు మన దేశ రూలు ప్రకారం తీసుకోవాల్సింది 30 వేలు, దాని మీద జీఎస్టీ. వాస్తవంగా ఎంత గుంజుతున్నరో మీకు నేను చెప్పక్కర్లేదు. అంటే పాత అప్పు తీర్చి పోయినోడు కొత్త అప్పుతో మళ్లీ హెల్పర్‌గా మొదలుపెడుతుండు. ఈ చక్రంలో పడొద్దనే నా మాట. అందుకే మూడు లెక్కలు చూసుకోండి.

మొదటి లెక్క: ఇక్కడ మనకు రావాల్సింది ఎంత.

హిసాబులో పెద్దది గ్రాట్యుటీ. ఏడాది సర్వీసు నిండితే హక్కు వస్తది. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, ఆ తర్వాత ప్రతి ఏడాదికి 30 రోజుల బేసిక్. ఇక్కడ మనవాళ్లు పొరపాటు పడేది "బేసిక్" అనే మాట దగ్గర. ఒక తమ్ముని మొత్తం జీతం 1,500 దిర్హాములు, అందులో బేసిక్ 900 అనుకోండి. ఎనిమిదేళ్లు చేసిండు. ఐదేళ్లకు 105 రోజులు, మిగిలిన మూడేళ్లకు 90 రోజులు, మొత్తం 195 రోజులు. బేసిక్ 900 అంటే రోజుకు 30 దిర్హాములు. 195ను 30తో గుణిస్తే 5,850 దిర్హాములు. ఆయన మొత్తం జీతం మీద లెక్క వేసుకొని 9,750 వస్తయని ఇంటికాడ ట్రాక్టరుకు బయానా మాట్లాడితే, 3,900 దిర్హాముల గుంత పడుతది. అందుకే మోహ్రే యాప్‌లో మీ కాంట్రాక్ట్ తీసి బేసిక్ ఎంతనో ఇయ్యాలనే చూడండి. వాడుకోని సెలవులకు కూడా పైసలు వస్తయి, అవి కలుపుకోండి. పని ముగిసిన 14 రోజుల లోపల కంపెనీ మొత్తం హిసాబు ఇయ్యాలె. పోయేటప్పుడు టికెట్ ఎవరు పెట్టుకోవాలె అనేది కూడా కాంట్రాక్టు చూసి ముందే తేల్చుకోండి.

ఇంకో ముఖ్యమైన మాట. వీసా క్యాన్సిల్ కాగితం మీద "నా హక్కులన్నీ ముట్టినయి" అని రాసి ఉంటది. పైసలు చేతికి రాకుండా, ఖాతాలో పడకుండా ఆ సంతకం పెట్టొద్దు. "రేపు ఏస్తం" అంటే రేపే సంతకం పెడతానని మర్యాదగా చెప్పండి. తకరారు వస్తే మోహ్రే వాళ్ల 80084కు ఫోన్ చేయండి. మన కాన్సులేట్ తరపున నడిచే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నంబరు 800 46342, పైసలు పడవు. ఏ ఫిర్యాదైనా ఇక్కడ ఉన్నప్పుడే చేయాలె. ఇంటికి పోయినాక ఊళ్లో కూర్చొని హిసాబు రాబట్టుకునుడు మస్తు కష్టం.

కొందరు ఏం చేస్తరంటే, లీవు మీద పోతున్నట్టు పోయి ఇగ రారు. నోటీసు ఇయ్యాల్సిన పని తప్పుతదని అనుకుంటరు. అట్ల చేస్తే పని వదిలి పారిపోయినట్టు కంపెనీ రాసి పెట్టొచ్చు. ఎనిమిదేళ్ల గ్రాట్యుటీ కూడా చిక్కుల్లో పడుతది. మళ్లీ ఈ దేశానికి రావాలంటే అడ్డం వస్తది. కాంట్రాక్టులో ఉన్న ప్రకారం 30 రోజులో, 60 రోజులో, 90 రోజులో నోటీసు కాగితం మీద ఇచ్చి, దాని ఫొటో మీ ఫోన్‌లో పెట్టుకొని, తలెత్తుకొని పోండి.

రెండో లెక్క: మనం కట్టాల్సింది ఎంత.

ఇక్కడి బ్యాంకు లోన్, క్రెడిట్ కార్డు, వాయిదాల మీద తీసుకున్న ఫోన్, అన్నీ ఒక కాగితం మీద రాయండి. లోన్ ఉన్న ఖాతాలో గ్రాట్యుటీ పడితే బ్యాంకు పట్టి పెట్టుకోవచ్చు. కట్టకుండా పోతే కేసు, ట్రావెల్ బ్యాన్ దాకా పోవచ్చు. వీసా క్యాన్సిల్ అయినాక ఇచ్చిన గడువు దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా. ఇవన్నీ ఎయిర్‌పోర్టు దాకా పోయినాక తెలుసుకునే సంగతులు కావు.

ఇంటికాడ అప్పు కూడా అదే కాగితం మీద రాయండి. రెండు లక్షల అప్పుకు నూటికి రెండు రూపాయల మిత్తి అంటే నెలకు నాలుగు వేలు, ఏడాదికి 48 వేలు. మనం ఇంటికి పోయి ఖాళీగా కూర్చున్నా మిత్తి కూర్చోదు. నా సలహా ఏందంటే, గ్రాట్యుటీతో వ్యాపారం మొదలుపెట్టే ముందు మిత్తి అప్పు తెంపండి.

మూడో లెక్క: ఇంటికి పోయినాక నెలకు ఎంత వస్తది.

ఇది అందరికంటే ముందు ఇంట్లో ఆమెను అడగాలె. మనకు ఎంత పంపినమో తెలుసు. అది ఎట్ల సరిపోయిందో ఆమెకే తెలుసు. మహిళా సంఘం కిస్తు, పిల్లల ఫీజు, అమ్మకు షుగర్ గోలీలు, పొలం కౌలు, బంగారం మీద తెచ్చిన లోన్, పెండ్లిళ్లకు పెట్టుపోతలు, అన్నీ ఆమె నోటి మీద ఉంటయి. పదేళ్లు ఇంటిని నడిపిన మనిషి ఆమె. "నేను వస్తే నెలకు ఎంత ఉంటే ఇల్లు గడుస్తది? నేను ఏం పని చేస్తే బాగుంటదని నీకు అనిపిస్తున్నది?" అని అడగండి. ఆమె "ఇంకో ఏడాది ఆగు" అంటే కోపానికి రావద్దు. నీ మీద ప్రేమ లేక అన్న మాట కాదు అది, లెక్క తెలిసి అన్న మాట. అట్లనే "పైసలు తక్కువైనా సరే, పిల్లల కోసమన్నా రా" అంటే, ఆ మాటను కూడా లెక్కలో వేసుకోండి. అది రూపాయలలో రాసేది కాదు గానీ చిన్న లెక్క కాదు.

పోయినాక మొదటి నెల మనం చుట్టం లెక్క. రెండో నెల నుంచి "ఏం చేస్తున్నవ్ మరి?" అని ఊరు అడుగుతది. అప్పుడు సిగ్గుకు పోయి, చేతిలో పైసలున్నయని హార్వెస్టర్‌లో వాటా, ఉద్దెర మీద నడిచే కిరాణం, ఎవరో చెప్పిన ప్లాటు, వీటిలో పెట్టి పోగొట్టుకున్నోళ్లు ఉన్నరు. దుబాయ్ పోయి వచ్చి మళ్లీ మేస్త్రీ పనా అని అనేటోళ్లు అంటరు. అననీయండి. మనకు డ్రాయింగ్ చదవడం వచ్చు, లెవెల్ పట్టడం వచ్చు, స్కాఫోల్డింగ్ సేఫ్టీ తెలుసు, ఏసీ డక్ట్, ఫాల్స్ సీలింగ్, టైల్స్ వచ్చు. హైదరాబాద్‌లో కట్టే బిల్డింగుల మీద బీహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చినోళ్లు చేస్తున్న పని అదే. మన చేతిలో ఉన్న పనిని వదిలిపెట్టి తెలియని వ్యాపారంలో దిగుడు ఎందుకు?

దీనికి ఒక ఉపాయం ఉన్నది. రాజీనామా ఇచ్చేకంటే ముందు వచ్చే లీవును పరీక్షగా వాడుకోండి. దావతులు తగ్గించి, ఏ పని చేద్దామనుకుంటున్నరో ఆ పని దగ్గర ఒక ఇరవై రోజులు నిలబడండి. కూలి ఎంత, పైసలు టైముకు ఇస్తరా, ఏడాదిలో ఎన్ని నెలలు పని ఉంటది, అన్నీ కండ్లతో చూసి రండి. దాని తర్వాత ఆరు నెలల ఇంటి ఖర్చు గ్రాట్యుటీతో సంబంధం లేకుండా పక్కకు పెట్టండి. అది కూడినంక తారీఖు రాసుకోండి. తారీఖు లేకపోతే "ఇంకో ఏడాది" అనుకుంటనే పదేళ్లు పోతయి. అది కూడా చూస్తనే ఉన్నం.

కుటుంబంతో ఉన్నవాళ్లకు రెండు మాటలు. ఇక్కడి మన ఇండియన్ స్కూళ్లు ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తయి. తెలంగాణలో బడి జూన్‌లో తెరుస్తరు. మార్చి పరీక్షలు అయినాక పోతే పిల్లలకు ఏడాది నష్టం కాదు. టీసీ మీద ఎవరెవరి ముద్రలు కావాలో స్కూల్ ఆఫీసులో ముందే అడగండి. ఇంకోటి, అక్కడ స్కూళ్లలో తెలుగు తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం వచ్చింది. ఇక్కడ పెరిగిన పిల్లలకు తెలుగు మాట్లాడుడు వచ్చు గానీ రాసుడు రాదు. ఇప్పటి నుంచే రోజుకు పావుగంట పలక మీద అ ఆలు దిద్దించండి. అందరు ఒకేసారి పోవాలని కూడా లేదు. భార్యాపిల్లలను ముందు పంపి, మీరు క్యాంపుకు మారి ఒక ఏడాది చేస్తే ఆ కిరాయి పైసలతోనే అప్పు తీరొచ్చు. కానీ ఇది ఇద్దరు కూర్చొని మాట్లాడుకొని చేయాలె. ఒకరే తేల్చి చెప్పేది కాదు.

చివరగా బ్యాంకు పని. ఎన్ఆర్ఈ ఖాతా ఉన్నవాళ్లు పూర్తిగా ఇంటికి పోయినాక బ్యాంకులో చెప్పి మామూలు ఖాతాగా మార్పించుకోవాలె. మర్చిపోవద్దు.

ఉందామనుకున్న వాళ్లకు కూడా ఈ లెక్క పనికొస్తది. ఎందుకు ఉంటున్నమో, ఎన్ని రోజులు ఉంటమో తెలిస్తే బంకు మంచం మీద నిద్ర పడుతది. పోదామనుకున్న వాళ్లను ఆపడానికి నేను ఇదంతా చెప్పలేదు. పోయినోళ్లు మళ్లీ అప్పు చేసి రావొద్దు, అదే నా కోరిక.

వచ్చే ఆదివారం సాయంత్రం మళ్లీ కలుద్దాం. వచ్చేటప్పుడు లేబర్ కాంట్రాక్ట్, చివరి సాలరీ స్లిప్ ఫోన్‌లోనైనా తెచ్చుకోండి. చదవడం రాని తమ్ముళ్లు మొహమాట పడొద్దు. పక్కన కూర్చొని ఒక్కొక్కరి గ్రాట్యుటీ లెక్క కాగితం మీద రాసి ఇస్త. ఈ మెసేజ్ మీ రూములో ఉన్నోళ్లకు చదివి వినిపించండి.