మొదటి మహిళ అన్న మాట వెనుక

(సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ప్రసార మాధ్యమాల్లో స్త్రీల గురించి మాట్లాడేటప్పుడు మనం ఎక్కువగా తెర మీద కనిపించే స్త్రీ గురించే చర్చిస్తాం. ఏది ప్రసారం కావాలో, ఎవరి గొంతు వినిపించాలో నిర్ణయించే అధికారం ఎవరిదని అంతగా అడగం. అందుకే ఇవాళ కెనడా రేడియోలో ఆ అధికారం దాకా వెళ్లిన మార్గరెట్ లయన్స్ గురించి చెప్పదలిచాను.

ఆమె 1923లో బ్రిటిష్ కొలంబియాలోని మిషన్ అనే ఊళ్లో, జపాన్ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టారు. 1942లో యుద్ధం సాకుతో కెనడా ప్రభుత్వం దాదాపు 22,000 మంది జపాన్ సంతతివారిని పసిఫిక్ తీరం నుంచి వెళ్లగొట్టింది. వాళ్లలో ఎక్కువమంది కెనడాలోనే పుట్టినవాళ్లు. వాళ్ల ఇళ్లూ, పొలాలూ, పడవలూ ప్రభుత్వమే అమ్మేసింది. మార్గరెట్ కుటుంబం మానిటోబాలో షుగర్ బీట్ పొలంలో పనికి చేరింది. ఆమె 1949లో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో పట్టా తీసుకున్నారు. తన జాతివాళ్లు తిరిగి తీరానికి వెళ్లడానికి అనుమతి దొరికింది కూడా ఆ ఏడాదే.

లండన్‌లో బి.బి.సి.లో టైపిస్టుగా చేరి ప్రొడ్యూసర్ అయ్యారు. 1960లో టొరంటోలో సి.బి.సి.కి వచ్చారు. 1970లలో రేడియో వర్తమాన వ్యవహారాల విభాగానికి అధిపతిగా ఆ రేడియో స్వరూపాన్నే మార్చినవాళ్లలో ఒకరయ్యారు. ఎక్కడ ఏం జరిగినా అక్కడి మనిషికే నేరుగా ఫోన్ చేసి మాట్లాడించే 'యాజ్ ఇట్ హ్యాపెన్స్' ఆ కాలంలోనే పేరు తెచ్చుకుంది. 1971 నుంచి దాన్ని నడిపిన గొంతు బార్బరా ఫ్రమ్ అనే స్త్రీది. సైన్సును మామూలు శ్రోతల దగ్గరకు తెచ్చిన 'క్వర్క్స్ అండ్ క్వార్క్స్' 1975లో మొదలైంది.

అదే 1975లో సి.బి.సి. తన సంస్థలో స్త్రీల స్థితిగతుల మీద నివేదిక వెలువరించింది. స్త్రీలు అత్యధికంగా గుమాస్తా, సెక్రటరీ ఉద్యోగాల్లోనే ఉండిపోయారని అందులో తేలింది. అంటే మార్గరెట్ దాటి వచ్చిన టైపు మిషను దగ్గరే మిగతావాళ్లు ఆగిపోయారన్నమాట. వాళ్లకు ప్రతిభ లేకనా?

1983లో ఆమె ఇంగ్లీషు రేడియోకు ఉపాధ్యక్షురాలయ్యారు. సి.బి.సి.లో ఆ హోదా పొందిన మొదటి మహిళ ఆమే. సంస్థ పుట్టింది 1936లో. ఉపాధ్యక్ష పదవికి ఒక స్త్రీ రావడానికి 47 ఏళ్లు పట్టింది. అధ్యక్ష పదవికి రావడానికి 2018 దాకా, మొత్తం 82 ఏళ్లు పట్టింది.

మార్గరెట్ లయన్స్ 2019లో కన్నుమూశారు. 'మొదటి మహిళ' అన్న మాట ఆమెకు గౌరవమే. కాని అంత ఆలస్యం ఎందుకైందో సంస్థ సంజాయిషీ చెప్పుకోవాలి. ఒక్క స్త్రీని చూపించి తలుపులు తెరిచామని చెప్పే ఏ సంస్థనైనా మనం అడగాల్సింది ఒకటే: కింది మెట్ల మీద ఎంతమంది స్త్రీలున్నారు, ఎన్నేళ్లుగా అక్కడే ఉన్నారు?